నలభయ్యో ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. చెక్క పిడి, దాని కింద రెండంగుళాల రబ్బరు ముక్క. నా ముఖాన ఒకే మాట ఉంది: 'డూప్లికేట్'. ఇది అసలుది కాదు, అసలుది ఇంకోచోట ఉంది అని దాని అర్థం. మనుషుల్లా పూటకో మాట అనే వీలు నాకు లేదు. అందుకు చాలాకాలం గర్వపడ్డాను.

నన్ను చేసింది హైదరాబాదు కోఠీలో జలీల్ భాయ్. అక్షరాలన్నీ తిరగేసి చెక్కాడు. "ఉల్టా ఉంటేనే కాగితం మీద సీదా పడతవ్" అన్నాడు, నా మీది పొడి ఊదుతూ. అది మెప్పుదల అనుకున్నాను.

ఒక పెద్ద మందుల కంపెనీ నన్ను కొన్నది. అక్కడి అకౌంట్స్ విభాగంలో శేషావతారం గారి చేతిలో ఏడేళ్లు ఉన్నాను. ఆయన ముద్ర వేసేముందు కాగితాన్ని రెండువైపులా చదివేవాడు. అందుకే కాబోలు ఆయనకు ప్రమోషన్ రాలేదు. ఆయన రిటైరయ్యాక నన్ను సొరుగులో పడేశారు. నాతో వచ్చిన సిరా ప్యాడ్ ఆ సొరుగులోనే ఎండిపోయింది. దాన్ని చెత్తబుట్టలో వేసి కొత్తది తెచ్చారు. జత పోయిన వస్తువును ఎవరూ ఏమీ అడగరు. ఇంకొకటి తెచ్చి పక్కన పెడతారు, అంతే.

ఆ కొత్త ప్యాడ్ తెచ్చింది కనకలక్ష్మి కోసం. వరంగల్‌లో ఎంబీఏ చదువుతోంది. ఊరు జనగామ దగ్గరి పల్లె. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు మే నెలలో వచ్చింది. కంపెనీకి సరుకులు, నీళ్లు, బండ్లు సరఫరా చేసేవాళ్ల పేర్లు పదకొండు వేలున్నాయి. వాటిలో ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే పట్టుకోవాలి. రెండో ఫైలు మీద నన్ను వేయాలి. తర్వాత కంప్యూటర్ వాళ్లు ఆ రెండో ఖాతా మూసేస్తారు. దాని బిల్లులన్నీ మొదటి ఖాతాలోకి వెళతాయి. ఆమె పని అదే.

మొదట్లో బాగా చేసింది. ఆ అంతస్తులో ఆమెతో ఎవరూ మాట్లాడేవారు కాదు. మధ్యాహ్నం డబ్బా కూడా నా పక్కనే తెరిచేది. ఫైలు చివరిదాకా చదివేది. నెల తిరిగేసరికి ముప్పై తొమ్మిది దొరికాయి. ముప్పై తొమ్మిదీ నిజమైనవే. ఆ మాట నేను చెప్పగలను.

ఆమె పై అధికారి ప్రణీత్ సార్. ఆ శుక్రవారం వచ్చి జాబితా చూశాడు.

"ముప్పై తొమ్మిదా? స్లైడ్ మీద అలా పెడితే మధ్యలో వదిలేసినట్టుంటుంది. నలభై చెయ్యమ్మా. సోమవారం డైరెక్టర్ గారి ముందు నువ్వే చెబుతావు. ఆ నలభైతో నీ ఉద్యోగం ఖాయమనుకో."

ఆమె మళ్లీ జాబితా ముందు కూర్చుంది. సాయంత్రానికి రెండు ఫైళ్లు తీసింది. రెండింటి మీదా ఒకే పేరు: చింతకింది నర్సింలు. ఒకే ఊరు, ముత్తాపూర్. ఇద్దరివీ నీళ్ల ట్యాంకర్లే. లోపల పాన్ కార్డుల జిరాక్సులున్నాయి. ఒకదాంట్లో తండ్రి పేరు మల్లయ్య. రెండోదాంట్లో బాలయ్య.

"కార్డు నంబర్లు వేరు సార్" అంది.

"రెండేసి కార్డులు తీసుకుంటారు వీళ్లు. కానివ్వు" అన్నాడు ప్రణీత్ సార్, కుర్చీలోంచే.

తండ్రుల పేర్ల సంగతి ఆమె ఎత్తలేదు. అంతలో ఇంటినుంచి ఫోన్ వచ్చింది. వాళ్లమ్మ గొంతు నాకు వినబడింది.

"చిన్న కనకా, తిన్నవా? పెద్ద కనక వచ్చింది మనింటికి. నువ్వెప్పుడొస్తవని అడుగుతుంది."

పెద్ద కనక ఆమె పెదనాన్న కూతురు. నానమ్మ పేరు కనకవ్వ. ఆ పేరు మా బిడ్డకే పెట్టాలని అన్నదమ్ములిద్దరూ పట్టుబట్టి, చివరికి ఇద్దరికీ పెట్టారు. ఒకే ఇంటిపేరుతో కనకలక్ష్మిలు ఇద్దరు. కాబట్టి ఈ నర్సింలు ఇద్దరూ ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫోన్ పెట్టేసింది. బాలయ్య అన్న పేరు మీద వేలు కాసేపు ఆగింది. నన్ను ప్యాడ్ మీద రెండుసార్లు అద్దింది. మామూలుగా ఒకసారే అద్దేది. సరిగ్గా ఆ పేరు మీద దించింది.

సోమవారం చప్పట్లు కొట్టారు.

జూన్ చివర ఒక మంగళవారం నర్సింలు వచ్చాడు. బాలయ్య కొడుకు. తెల్ల చొక్కాకు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. మనుషులు న్యాయం అడగడానికి కూడా బట్టలు ఇస్త్రీ చేయించుకుంటారు.

"సార్, నా రెండు నెలల బిల్లు మా పెద్ద నర్సింలు ఖాతల పడ్డది. ఆడు ఇస్తలేడు. కంపెనీ నాకేసింది, నాదే అంటున్నడు."

"మీ ఇద్దర్లో ఒరిజినల్ ఎవరయ్యా?" అన్నాడు ప్రణీత్ సార్.

"ఒరిజినల్ మా తాత సార్. సచ్చిపోయి ఇరవై ఏండ్లాయె. ఆయన పేరే ఇద్దరికి వెట్టిండ్రు."

రెండు మూడు బల్లల దగ్గర నవ్వారు. నర్సింలు కూడా నవ్వాడు, నవ్వితే పని జరుగుతుందేమోనని.

"శుక్రారం లోపల కిస్తీ కట్టకపోతే ఫైనాన్సోళ్లు ట్యాంకర్ గుంజుకపోతరు సార్. నాకున్నది అదొక్కటే. జర జూడుండ్రి."

ప్రణీత్ సార్ ఇటు తిరిగాడు. "కనకా, ఫైల్లో తండ్రి పేరు వేరుగా ఏమైనా ఉందా?"

"కనబడటం లేదు సార్."

అది అబద్ధం కాదు. కనబడకుండా చేసింది నేను.

"అర్జీ రాసిచ్చి వెళ్లు. చూస్తాం. రెండు నెలలు పట్టొచ్చు" అన్నాడు ప్రణీత్ సార్.

అర్జీ రాయడానికి నర్సింలు కనకలక్ష్మి బల్ల దగ్గరికే వచ్చాడు, పెన్ను కోసం. రాస్తూ రాస్తూ అడిగాడు.

"నీదేవూరు బిడ్డా?"

"జనగామ దగ్గర."

"మరి నీకెర్కనే గదమ్మా. మన ఇండ్లల్ల గిట్లనే వెడ్తరు గద పేర్లు."

ఆమె కంప్యూటర్ వైపు చూసింది. తెర మీద ఏమీ లేదు.

మర్నాడు భోజనాల వేళ, అందరూ క్యాంటీన్‌కు వెళ్లాక, ఆ ఫైలు తీసింది. గోళ్ల రంగు తుడిచే మందు సీసా, దూది సంచిలోంచి తీసింది. నన్ను వేసిన చోట మెల్లగా రుద్దింది. నా సిరా కరిగింది. దాంతోపాటు జిరాక్సు అక్షరాలూ కరిగాయి. ముద్ర పోయింది, కింద బాలయ్యా పోయాడు. కాగితం మీద తెల్లటి మరక మిగిలింది.

ఏడ్చింది. ఆ ఏడుపు నాకు నచ్చలేదు. ప్రణీత్ సార్ కుర్చీ అక్కడికి పది అడుగులు. భోంచేసి అతను వచ్చాడు, కూర్చున్నాడు. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. లేచి వెళ్లి 'నేను చూశాను సార్, తండ్రి పేరు వేరు' అంటే చాలు. ఆమె ఫైలు మూసి, దూదిని కాగితంలో చుట్టి పారేసింది. బుధవారం అయిపోయింది. గురువారం అయిపోయింది. శుక్రవారం ఆమె సెలవు పెట్టింది.

నెలాఖరుకు సర్టిఫికెట్ ఇచ్చారు. శ్రద్ధ, నిజాయితీ అని రెండు మాటలు అందులో ఉన్నాయి. ఉద్యోగమూ ఇచ్చారు. ఇప్పుడు నాలుగో అంతస్తులో కూర్చుంటుందట. ఆ అర్జీ సంగతి ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

నేను రబ్బరును, చేయి ఆమెది అని నేను అనొచ్చు. సార్ చెప్పారని ఆమె అంటుంది. స్లైడ్ కోసమని సార్ అంటాడు. ఇలా ఒకరి వెనక ఒకరం నిలబడితే ఎవరి ముఖమూ కనబడదు. కానీ బాలయ్య అన్న పేరు మీద పడ్డ సిరా నాది. దాన్ని ఎవరి మీదా తోయలేను.

తర్వాత నన్ను ఊరి బయటి ఫ్యాక్టరీకి పంపారు. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఉంటున్నాను. లోపలికి వచ్చే ప్రతి బండికీ చలాను రెండు ప్రతులు. మొదటిది కంపెనీకి. రెండోదాని మీద నన్ను వేసి డ్రైవర్‌కు ఇస్తారు.

ఇక్కడికి వచ్చాకే మిగతాది తెలిసింది. ఫైనాన్స్ వాళ్లు గుంజుకుపోయిన ట్యాంకర్‌ను వేలం వేశారు. కొన్నది పెద్ద నర్సింలు. ఏ డబ్బుతో కొన్నాడో ముత్తాపూర్‌లో అందరికీ తెలుసు. అన్నదమ్ములు మాట్లాడుకోరు. కానీ ఆ ట్యాంకర్ గేరు సంగతి చిన్న నర్సింలుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రోజు కూలికి దాన్ని అతనే తోలుతున్నాడు.

ఇప్పుడు కంపెనీకి నీళ్లు పోసే చింతకింది నర్సింలు ఒక్కడే. ఆ జాబితాను ఎవరు తనిఖీ చేసినా తప్పు దొరకదు. మేం రాసిన అబద్ధాన్ని నిజం చేయడానికి ఒక మనిషి బతుకు సరిపోయింది.

రోజుకు నాలుగు ట్రిప్పులు. నాలుగుసార్లు అతను ట్యాంకర్ కిటికీలోంచి చేయి చాపుతాడు.

"జల్దీ కొట్టు యాదగిరన్నా, నీళ్లు కారుతున్నయ్."

గార్డు యాదగిరి నన్ను సిరాలో అద్ది అతని చలాను మీద గట్టిగా గుద్దుతాడు. నర్సింలు ఆ కాగితాన్ని చదవకుండా మడిచి జేబులో పెట్టుకుని గేరు వేస్తాడు.