నల్లా పిలుపు

మా క్వార్టర్ల లైన్‌లో నల్లా ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి, ఆ తర్వాత మా పక్కింటి సారలమ్మకు తెలియాలి. పైపులో గాలి చప్పుడు వినగానే వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెట్టేది. "నల్లా వచ్చింది, జల్ది రాండ్రి." ఆ అరుపుకు గోదావరిఖని సగం లేవాలి. చెవిలో రొద పెట్టే ఈ ఫోన్లంటే నాకు మొదటినుంచీ మంటే.

నిరుడు గొంతులో పుండు లేచి, ఆపరేషన్‌తో సారలమ్మ మాట పూర్తిగా పోయింది. భర్త సదయ్యది బొగ్గుబాయిలో పని. బ్లాస్టింగుల చప్పుళ్లకు చెవులు మందగించాయి, అరిస్తే తప్ప వినడు. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషిని ఆమె పళ్లెం మీద గంటెతో కొట్టి లేపుతుంటే, గోడకు ఇవతల నేను చేతిలో పని ఆపేసేదాన్ని.

మొన్న సెలవులకు వాళ్ల కూతురు సంతోషి వచ్చింది. "చిన్నమ్మా, అమ్మ వాయిస్ మెసేజ్‌లు ఉంటే పంపున్రి" అని లైనంతా తిరిగింది. నా ఫోన్‌లో చూస్తే ఒక్కటీ చెరిపి లేదు. తిట్టుకుంటూనే అన్నీ దాచుకున్నానన్నమాట. వాటన్నిటినీ ఏఐకి వినిపించిందట. ఇక సారలమ్మ ఫోన్‌లో ఏది రాస్తే అది ఆమె గొంతుతోనే పలుకుతుందట.

సారలమ్మ నమ్మలేదు. పలక మీద రాసి కూతురికి చూపింది. "మీ బాపు గుర్తువడితే ఉంచు. లేకుంటే తీసెయ్."

మధ్యాహ్నం సదయ్య గాఢ నిద్రలో ఉన్నాడు. నేను వాళ్లింటి గడప మీద కూర్చున్నాను. యంత్రం యంత్రమే, దీని మొహానికి సారలమ్మ గొంతు ఎక్కడొస్తుందనుకున్నాను. ఆమె ఫోన్‌లో రాసి నొక్కింది. స్పీకరు పలికింది.

"సంతోషి బాపూ, లే. నల్లా వచ్చింది."

అది సారలమ్మే. అదే బొంగురు, చివర అదే దబాయింపు. ఆ యంత్రం విన్నవన్నీ అరుపులే కాబట్టి మెల్లగా పలకడం దానికి రాదట. పోయిన గొంతును మా పాత మెసేజ్‌లలోంచి ఏరి తెచ్చిన ఆ యంత్రానికి దండం పెట్టాలనిపించింది.

"వస్తున్న తియ్, బిందె వెట్టు" అన్నాడు సదయ్య, కళ్లు తెరవకుండానే. లేచి లుంగీ సర్దుకుని, మూలనున్న పైపు తీసుకుని వాకిట్లోకి నడిచాడు. నల్లా తిప్పాడు. చుక్క రాలేదు.

అప్పటికే ఆ పిలుపు విని లైన్‌లో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు బిందెలతో బయట నిలబడి ఉన్నారు. ఒక్కరూ విసుక్కోలేదు. తీరా చూసుకుంటే నా చేతిలోనూ సారలమ్మ ఇంటి బిందె ఉంది.

సదయ్యకు అప్పుడు పూర్తిగా మెలకువ వచ్చింది. ఎండిన నల్లాను చూశాడు. గుమ్మంలో ఫోన్‌తో నిలబడ్డ భార్యను చూశాడు. పైపు మాత్రం కింద పెట్టలేదు.

"ఇంకోపాలి పిలువు" అన్నాడు.

సారలమ్మ పలకను నా చేతికిచ్చి, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.