గవరమ్మ వెన్నులో కరగని బొట్టు

నేను ఒక బొట్టును. గవరమ్మ వెన్నుపాములో, ఆమె కుడి బొటనవేలిని ఆడించే నాడీకణంలో పుట్టాను. నాకు గోడ లేదు, పొర లేదు. చారు మీద నూనె చుక్కలు ఒకటైనట్టు, కణంలోని నీళ్ళ నుంచి కొన్ని ప్రోటీన్లు, కొంత ఆర్‌ఎన్‌ఏ విడివడి ఒకచోట చేరితే అదే నేను. ఒంటికి కష్టం వచ్చినప్పుడు చేరడం, గట్టెక్కాక కరిగిపోవడం నా పని. చావంటే నాకు భయం ఉండేది కాదు.

గవరమ్మ బొబ్బిలి వీధుల్లో గాజులు తొడిగేది. ఎంత బిగువైన గాజునైనా కబుర్లలో పెట్టి, నొప్పి తెలియకుండా ఎక్కించేసేది. ఆ వేలికి వెళ్ళే నరం పోగు గుండానే లోకం నాకు తెలిసేది.

ఒక వేసవిలో ఆమెకు వడదెబ్బ తగిలితే నేనూ, తోటి బొట్లూ చేరాం. జ్వరం తగ్గాక అవన్నీ కరిగాయి. నేను కరగలేదు. ఎందుకో నాకే తెలియదు. మొదట తేనెలా చిక్కబడ్డాను, తర్వాత తుమ్మబంకలా గట్టిపడ్డాను. కణానికి కావలసినవన్నీ వచ్చి నాకే అతుక్కునేవి. వదలడం నాకు చేతకాలేదు. పక్క కణాల్లోనూ ఇదే వరస.

సుభద్రమ్మగారి కోడలి సీమంతంలో గవరమ్మ వేలు పట్టు తప్పింది. గాజు చిట్లి అమ్మాయి మణికట్టు మీద రక్తం చిమ్మింది.

“ఏటే గవరమ్మా! కడుపుతో ఉన్న పిల్ల సేతిలో గాజు సిట్లగొట్టేసినావేటి? ఇంక మా గుమ్మం తొక్కకు!” అని సుభద్రమ్మ మండిపడింది.

“నా సెయ్యి పాడుసెయ్యైపోనాదమ్మా. ఇంక ఎవులికీ తొడగను,” అని ఏడ్చింది గవరమ్మ.

మనుషులు మహా తెలివైనవాళ్ళు. వేలు ఎందుకు వాలిపోతోందో ఎవరూ అడగలేదు గానీ, గాజు ఎందుకు పగిలిందో మాత్రం అందరికీ తెలుసు. నిమ్మకాయలతో దిష్టి తీశారు. ఆసుపత్రి మాట ఎత్తినవాళ్ళు లేరు. ఆ పిల్లకు ఏమవుతుందోనని గవరమ్మకు కంటి మీద కునుకు లేదు. తప్పు నాదేనని చెప్పాలని ఎంత కొట్టుకున్నానో! నాకు నోరు లేదు.

చివరికి కణం చచ్చిపోయింది. నేను మిగిలాను. ఇక లోకం నాకు తెలియకూడదు. అయినా తెలుస్తూనే ఉంది. పైన, మెదడు అడుగున, ఆమె నాలుకను ఆడించే కణంలో, నాలాంటిదే ఇంకొకటి గట్టిపడుతోంది.

కాన్పు అయ్యాక సుభద్రమ్మే గవరమ్మ గుమ్మంలోకి వచ్చింది. “తల్లీ పిల్లా సల్లగున్నారే. నోరు జారినాను, మనసులో ఎట్టుకోకు. పాపకి నల్లగాజులు నువ్వే తొడగాల. నీ సెయ్యి ఆడకపోతే నాను సాయం పడతాను.”

గవరమ్మ ముఖం వెలిగిపోయింది. వస్తానమ్మా అనబోయింది. నాలుక తిరగలేదు. సంతోషంతో గొంతు పూడుకుపోయిందనుకుని సుభద్రమ్మ ఆమెను గట్టిగా హత్తుకుంది.