రెండు నీళ్ళ ఎరుపు

చలికాలం షీరాజ్ దిగువ మైదానంలో మొదలుపెట్టిన తివాచీని నేల మగ్గంతో సహా చుట్టి, వేసవి మేతకు మందలతో వలస వస్తూ గాడిద మీద ఈ కొండకు తెచ్చాం. ఎర్ర ఉన్ని అయిపోవడంతో ఇక్కడి ఊట నీళ్ళలో మంజిష్ఠ వేరు మరిగించి కొత్త ఉన్నికి రంగు వేశాను. జానెడు నేశాక చూస్తే, దానిమ్మ ఎరుపు పక్కన ఇటుక ఎరుపు.

"వదినా, నీ తివాచీకి సగం జ్వరమొచ్చిందే!" అని ఆడపడుచు ఆయ్‌నాజ్ నవ్వింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నా గుడారంలో పరిచే మొదటి తివాచీ ఇది. వచ్చినవాళ్ళకు నా అజాగ్రత్త తప్ప ఇంకేమీ కనిపించదనుకున్నాను. పది రోజుల పని విప్పేద్దామని కత్తి తీశాను.

మా అత్త సనుబర్ నా చేయి పట్టుకుని రెండు రంగుల మీదుగా నడిపించింది. "ఆగవే పిచ్చిదానా! ఇవి మైదానం నీళ్ళు, ఇవి కొండ నీళ్ళు. అంతా ఒకటే ఎరుపైతే, మనమేదో ఊళ్ళో కదలకుండా కూర్చుని నేశామనుకోరూ?"

అరచేతి కింద ఉన్ని రెండు వైపులా ఒకేలా, దట్టంగా, మెత్తగా ఉంది. మళ్ళీ చూశాను. రెండు ఎరుపుల మధ్య అదే గీత, నావి అవే కళ్ళు. సిగ్గు మాత్రం లేదు. ఇటుక ఎరుపు పోగు అందుకుని తర్వాతి ముడి వేశాను.