తుపాకీ పుట్టిన ఏడాది

పొద్దున లేవగానే కోడలు చేసే మొదటి పని స్నానాల గదికి గడియపెట్టుకుని, చేతి అద్దంతో ఒళ్లంతా వెతుక్కోవడం. మోచేతుల వెనక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో. పేలు చూసినట్టు చూసుకునేది. ఇరవై రెండు రోజులుగా ఇదే వరస.

లోహానికి మెరుగు పెట్టడం ఆ ఇంట్లో మూడు తరాల బతుకు. తలుపు పిడులు, గిన్నెలు, పేరు పలకలు, ఏదొచ్చినా గుడ్డచక్రానికి ఆనించి అద్దంలా చేసి పంపుతారు. మెరుగు పెట్టేవాళ్లకి ఒంటిమీద అచ్చులు లేస్తాయని అందరికీ తెలిసిందే. లోహం మీంచి ఏది అరిగిపోతే అది, కొన్నాళ్లకి, అరగదీసినవాళ్ల చర్మం మీద తేలుతుంది. అత్త వీపు మీద మూతబడ్డ హోటలొకటి ఫోన్ నంబరుతో సహా ఉంది. కోడలి పిక్క మీద ఎవరో దంపతుల పెళ్లిరోజు ఉంది. వాళ్లు విడిపోయి చాన్నాళ్లయింది. ఈవిడ పిక్క మాత్రం ఇంకా కాపురం చేయిస్తూనే ఉంది.

ఇప్పుడు వెతుకుతున్నది నాలుగంకెల ఏడాది. అది దొరక్కపోతే మొగుడికి ఏడేళ్ల జైలు.

అటక మీది పెట్టెలో మామగారి తాత నాటి సైన్యం రివాల్వరు బయటపడింది. పాత తుపాకులు ఉన్నవాళ్లు తెచ్చి చూపించాలని అప్పుడే ప్రకటన వచ్చింది. పందొమ్మిది వందలకి ముందు తయారైతే అది పాతసామాను. తర్వాతదైతే ఆయుధం. ఇంకొకళ్లయితే తుప్పుతోనే పట్టుకెళ్లేవాళ్లు. వీళ్లెలా పట్టుకెళ్తారు? మకిలి పట్టిన లోహం గడప దాటితే పరువేం కాను! తళతళలాడించి పంపారు. ముద్ర అన్నది లేని తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసి, స్టేషన్‌లో ఒక్కటే మాటన్నారు: "ముద్రలు చెరిపేది దొంగలే." పట్టుకెళ్లిన మొగుణ్ణి లోపలేశారు.

అప్పట్నించీ అత్త నోరు మూతపడలేదు.

"నిన్నెవరు పెట్టమన్నారే మెరుగు? చేతులు ఊరుకోవా? తుపాకీతోపాటు నా కొడుకునీ అరగదీసేశావు కదే!"

కోడలు ఏమని ఎదురు చెబుతుంది? చక్రం ముందు కూర్చున్నది తనేనాయె.

ముద్రలు ఒక్కొక్కటే తేలాయి. మణికట్టు మీద బాణం, అంటే సర్కారు సొత్తు. పొట్ట మీద అడ్డంగా రెండు జెండాలు, అంటే మందుగుండుతో పరీక్షించినది. మెడ ఎముక మీద అయిదంకెల నంబరు. తేలిన ప్రతిసారీ ఆయుధాల ఆఫీసుకి పరిగెత్తేది. అక్కడ పరీక్షించే ఆవిడని అందరూ భూతద్దం అంటారు. ఆవిడ కాగితం మీద రాసుకుని, "ఏడాది రాలేదామ్మా?" అనేది. ఏడాది ఎవరి ఒంటిమీద తేలితే వాళ్లే సాక్ష్యం. కేసు తేలేదాకా సాక్ష్యాల గదిలో ఉండాల్సిందే. కోడలు అందుకూ సిద్ధపడి రెండు జతల బట్టలు సంచిలో సర్దుకుంది.

భూతద్దం కోర్టుకి నివేదిక పంపడానికి ఇవాళే ఆఖరి రోజు. నడుం దగ్గర చూసుకుంటే నాలుగంకెలు ఎర్రగా లేచి ఉన్నాయి.

1917.

అద్దం జారి పగిలింది. కోడలు ఆ పెంకుల మధ్యే కూలబడి, గరుకు కాగితం అందుకుని నడుం మీద రుద్దుకోవడం మొదలుపెట్టింది. నెత్తురొచ్చింది. అంకె పోలేదు.

"ఏమైందే?" అత్త తలుపు బాదింది. తెరిచి చూసి, చేతిలోంచి కాగితం లాక్కుంది. విచిత్రం, ఒక్క తిట్టూ తిట్టలేదు. "పద, నేనూ వస్తాను" అంది.

భూతద్దం నడుం దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"పక్కనే నక్షత్రం ఉంది చూశారా? ఇది మరమ్మతు చేసిన ఏడాది. పుట్టిన ఏడాది మీద కిరీటం ఉంటుంది. తుపాకీ నడుముకి కుడివైపు కొడతారు. ఆ భాగం మెరుగు పెట్టింది మీరేనా?"

"అంతా నేనే మేడమ్."

"మరెక్కడ? నాలుగింటికి నివేదిక వెళ్లిపోవాలి. పుట్టిన ఏడాది లేకపోతే ఈ 1917నే రాయాలి నేను."

గోడ గడియారంలో మూడున్నర.

"వెతకండి మేడమ్. అంగుళం అంగుళం వెతకండి. గుండు గీయించుకోమన్నా గీయించుకుంటాను!" కోడలు తల మీది పిన్నులు పీకి బల్ల మీద పడేస్తోంది.

"ఊరుకోవే" అంది అత్త.

బెంచీ మీంచి లేచి, తన ముడి విప్పి, నెరిసిన జుట్టంతా ముందుకి వేసుకుని, మెడ వంచి నిలబడింది. మెడ మీద కిరీటం. కిరీటం కింద ఒకటి, ఎనిమిది, తొమ్మిది. ఆఖరి అంకె పుట్టుమచ్చలో కలిసిపోయింది.

"నువ్వు సరుకు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ నడుము భాగానికి మెరుగు నేనే పెట్టాను" అంది నేల చూస్తూ. "నీ పని నాకెప్పుడు నచ్చింది గనక."

"ఎప్పుడు తేలింది?" అంది కోడలు.

"మూడోనాడే."

"మూడోనాడా!" కోడలి గొంతు గదంతా చీల్చింది. "పందొమ్మిది రోజులు! మీ అబ్బాయి అక్కడ గోడలు గోక్కుంటున్నాడు, నేనిక్కడ ఒళ్లు గీక్కుంటున్నాను, మీరు ముడేసుకుని కూచున్నారా అత్తయ్యా?"

"నిన్నన్ని మాటలన్నాక ఏ మొహం పెట్టుకుని చెప్పనే? నీకే తేలుతుంది, నోటి పరువు దక్కుతుంది అనుకున్నాను."

పరువు కోసం కొడుకుని పణం పెట్టిన తల్లి! లోకంలో ఆవిడొక్కతే అయితే ఎంత బాగుండు.

భూతద్దం ఇద్దరినీ పట్టించుకోలేదు. "ఆఖరి అంకెతో పనిలేదు. పద్దెనిమిది వందల తొంభైలదే. పాతసామాను" అని రాసి ముద్ర కొట్టింది. నాలుగుకి పది నిమిషాలుంది. ఆ తర్వాత అట్టముక్క ఒకటి తీసి, అత్త మణికట్టుకి దారంతో కట్టింది.

"కేసు ఎన్నాళ్లు మేడమ్?" అడిగింది కోడలు.

"మీ ఆయన్ని ఇవాళే వదిలేస్తారు. పోలీసులు పై కోర్టుకి వెళ్తే మాత్రం సాక్ష్యం ఉండాలిగా. ఎనిమిదేళ్లు, పదేళ్లు."

అత్తకి డెబ్భై రెండు. ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకోబోయి మానేసింది. కోడలు తన సంచి ఆవిడ చేతిలో పెట్టింది. పొట్టిదాని బట్టలు పొడుగుదానికి పట్టవు. ఇద్దరికీ తెలుసు.

"వాడికి చెప్పకే" అంది అత్త. "ముందే తేలిందని మాత్రం చెప్పకు."

కోడలు సాక్ష్యాల గదిలో ఇనప అరల మధ్యకి నడుస్తున్న ఆవిడ వీపునే చూస్తూ నిలబడింది.

అయిదింటికి మొగుడు స్టేషన్ గేటు దాటి వచ్చాడు. గడ్డం మాసి, మనిషి సగమైపోయాడు. పెళ్లాం చేయి పట్టుకుని, ఆవిడ భుజం మీంచి వీధంతా కళ్లతో వెతికాడు.

"అమ్మేదీ? రాలేదా?"

కోడలు ఆఫీసులో ఇచ్చిన, పిడికిట్లో నలిగిన రసీదు తీసి అతని చేతిలో పెట్టింది. అతను మడత విప్పి, చదువుకి కొత్త పిల్లాడిలా, పెదవులు కదుపుతూ చదివాడు.

'ముసలావిడ: ఒకటి. ముద్ర: మెడ వెనక, కిరీటంతో. మరమ్మతులు: లేవు. స్థితి: ఇంకా పనిచేస్తోంది.'