జంగమ్మ మార్చిన పట్టీ

హైదరాబాద్ నుంచి సుదర్శన్ సార్ వచ్చి, పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు వైద్యం ఎలా చేయాలో మా ఆసుపత్రి సర్జన్లకు నేర్పించారు. ఒకేసారి బండెడు మంది గాయాలతో వచ్చిపడితే చేతులకు పట్టీలు కట్టాలి. వెంటనే ఆపరేషన్ చేస్తే బతికేవాళ్లకు ఎర్రది, కాస్త ఆగగలిగేవాళ్లకు పసుపుది, ఏం చేసినా దక్కనివాళ్లకు నల్లది. నల్ల పట్టీ ఉన్నవాళ్ల జోలికి చివరిదాకా పోకూడదు.

వినడానికి ఎంత బాగుందో. మాకున్నది ఒక్క థియేటర్, ఒక్క మత్తు డాక్టరు అన్న సంగతి మాత్రం పాఠంలో లేదు.

సాధన కోసం ఉత్తుత్తి రోగులుగా మా ఆసుపత్రి ఊడ్చే జంగమ్మనూ ఆమె జట్టునూ వరండాలో పడుకోబెట్టాం. నేను ఆమెకు నల్లది కట్టాను.

"గిదేంది డాక్టరమ్మ, నన్ను సంపినవా?"

"నల్లదైతే లోపలికి తీసుకుపోం జంగమ్మా. ఎర్రదైతేనే ముందు."

"అట్లయితే నాకు ఎర్రదే కట్టు. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది."

అందరం పడీ పడీ నవ్వాం.

ఆ వానాకాలంలోనే, పత్తి చేలల్లో విత్తనం కోసం పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టర్ అయిజ దారిలో బోల్తా పడింది. మా దగ్గరికి తెచ్చినవాళ్లలో అలివేలమ్మ అనే కూలీకి కడుపులో రక్తం కారుతోంది, కానీ స్పృహలో ఉంది. ఎర్రది కట్టాను.

"నేను బతుకుతనా అమ్మ?"

"బతుకుతావు. ముందు నిన్నే తీసుకుపోతాం."

పక్క స్ట్రెచర్ మీద కవిత అనే అమ్మాయి. తల చితికిపోయింది, కంటిపాపల్లో చలనం లేదు. తలకు గుడ్డ చుట్టించి, నల్లది కట్టి ముందుకు నడిచాను. ఆమె జంగమ్మ కూతురని నాకు తెలియదు. తెలిసినా నల్లదే కట్టేదాన్ని.

ఇంకొకరి ఛాతీలో గొట్టం వేసి థియేటర్‌లోకి వెళ్లేసరికి బల్ల మీద కవిత ఉంది, చేతికి ఎర్ర పట్టీతో. మత్తు డాక్టరు దినేష్ ఆమె ఛాతీ మీద నుంచి చేతులు తీసేశాడు.

"ఎర్రదుందని లోపలికి తీసుకున్న శ్రీజా. పోయింది."

వరండాలోకి పరుగెత్తాను. అలివేలమ్మ పడుకున్నచోటే ఉంది. ఆమె చేతికి నల్ల పట్టీ. నర్సులెవరూ ఆమె వైపు పోలేదు. సార్ చెప్పింది చెప్పినట్టు పాటించారు. నాడి చూశాను. లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా నాకు తెలియలేదు.

జంగమ్మ ఆ స్ట్రెచర్ పక్కనే నిలబడి ఉంది.

"ఎర్రదైతే ముందుగాల తీస్కపోతరని నువ్వే జెప్తివి గద," అంది. "నా బిడ్డ ఎట్లుంది డాక్టరమ్మ?"