జిన్‌మే చిటికెనవేలి దారం

చైనాలో తాయ్ సరస్సు ఒడ్డున పట్టుపురుగుల నెలొచ్చిందంటే ఎవరింట్లో వాళ్లే. తలుపుకి ఎర్రకాగితం అంటించాక, పట్టుగూళ్లు దింపేదాకా సొంత అన్నదమ్ములైనా గడప తొక్కకూడదు. జిన్‌మే కూడా అంటించింది. పొద్దున్నే మల్బరీ ఆకు తరగడం, తట్టల్లో చల్లడం, కూతురు లియన్‌కి ఇంత గంజి పొయ్యడం, మళ్లీ ఆకు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఇదే బతుకు.

ఆవిడ పెంచిన పురుగుల పట్టు ఎంత దూరం పోయినా, దాని దారం కొస ఒకటి ఆవిడ చిటికెనవేలికే ఉండిపోయేది. కొనేవాళ్లు కత్తెర తెచ్చుకుని కత్తిరించుకుని పోయేవాళ్లు. మరిది గెన్‌ఫాకి నేసిచ్చిన పట్టు నడికట్టు దారం ఒక్కటే కత్తిరించలేదు. ఇంటివాడు కదా.

జపానువాళ్లొచ్చాక గూళ్లన్నీ వాళ్ల కంపెనీకే పొయ్యాలన్నారు. తట్టెడు గూళ్లకి దోసెడు నూకలు. ఇంట్లో దారం తీస్తే జైలు. వడ్లు అంతకుముందే సైన్యం ఊడ్చుకుపోయింది. ఈసారి గూళ్లు దొంగచాటుగా సరస్సు దాటించి అమ్మకపోతే లియన్‌కి చలికాలం తిండి లేదు.

అప్పుడొచ్చాడు గెన్‌ఫా. ఏడేళ్లప్పట్నుంచీ ఆవిడ చేతి ముద్ద తిని పెరిగినవాడు.

"వదినా, నా పడవుందిగా. అవతలి ఒడ్డున జపానువాళ్లు లేరు. అక్కడ అమ్మి బియ్యం తెస్తా."

"తలుపుకి ఎర్రకాగితం కనపళ్లేదట్రా?"

"నేనేమన్నా పరాయివాణ్ణా?"

కాదు కదా అనుకుంది పాపం. రానిచ్చింది. పన్నెండు తట్టల గూళ్లూ ఎత్తిచ్చింది.

తీరా చూస్తే వేలికున్న ఆ గూళ్ల దారం సరస్సు వైపు కాదు, టౌను వైపు లాగుతోంది. దాన్ని పట్టుకునే నడిచింది. కంపెనీ గోడౌను ముందు, మొలకి తాళాలగుత్తి కట్టుకుని నిలబడున్నాడు మరిది.

"ఇవ్వకపోతే వాళ్లే లాక్కునేవాళ్లు వదినా. నాకైనా ఉద్యోగమొచ్చింది."

"వాళ్లు లాక్కుంటే ఏడ్చి ఊరుకునేదాన్నిరా. నువ్వు అడిగి తీసుకున్నావు."

ఇంటికొచ్చి, మంచం కింద దాచిన రాట్నం తీసి, వేలికున్న గూళ్ల దారం కొస దానికి కట్టి తిప్పడం మొదలుపెట్టింది. మూడు రోజులు తిప్పింది. కంపెనీ దొర తట్టలు తెరిపిస్తే, పట్టు లేదు. ఉత్త పురుగులే.

తాళాలు గెన్‌ఫా దగ్గరే ఉన్నాయాయె.

ఆ మధ్యాహ్నమే పరుగెత్తుకొచ్చాడు. "వదినా, తలుపు తియ్! ఉత్తరాన బొగ్గుగనికి పంపేస్తారట!"

"ఎర్రకాగితం ఉందిగా."

"పురుగుల నెల అయిపోయింది వదినా!"

"మా ఇంట్లో కాలేదు."

సైనికుల బూట్ల చప్పుడు వచ్చింది, పోయింది. ఆవిడ మాత్రం రాట్నం మీది పట్టు కండెలకి చుట్టడం ఆపలేదు.

ఆ పట్టు అవతలి ఒడ్డువాళ్లే పడవలో వచ్చి కొనుక్కున్నారు. లియన్ చలికాలం దాటింది. జిన్‌మే వేలికి ఒక్క కొస మిగిలింది. గెన్‌ఫా నడికట్టుది. ఉత్తరానికి లాగుతూనే ఉంది. ఆవిడ దాన్ని చుట్టనూ లేదు, కత్తిరించనూ లేదు.