పైకి కనబడే మరలు

కోయిలకుంట్ల దాటాక కొత్తగా కట్టిన సిమెంటు ఫ్యాక్టరీలో, బట్టీ పొగను లాగే పెద్ద ఫ్యాన్‌ను మర్నాడు తిప్పి చూడాలి. దాని పునాది బోల్టులు సరిచూసే పని ఇంజనీరు రెజీనాది.

బోల్టులు బిగించింది కాంట్రాక్టరు సూపర్వైజరు యేసుప్రసాద్ మనుషులు. రెజీనాది, ఆయనది ఒకే చర్చి. ఆమె మొదట ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పిందీ ఆయనే. నట్టులోని మరలన్నీ బోల్టును పట్టుకోవాలని, నట్టు దాటి బోల్టు కొస బయటికి కనబడితేనే ఆ బిగింపును నమ్మాలని ఆయన చెప్పగా విన్నది.

ప్రతి నట్టు మీదా కొస చక్కగా కనబడుతోంది. కొత్త రంగు మెరుస్తోంది. ఒకదాని మీది దుమ్ము తుడవబోతే వేలి కింద అది కదిలింది. పట్టకారుతో తిప్పింది. రంగు చిట్లి, చిన్న బోల్టు ముక్క చేతిలోకి ఊడివచ్చింది. నట్టులోకి టార్చి వేస్తే, అసలు బోల్టు సగంలోనే ఆగిపోయి ఉంది. పుచ్చుపన్నుకు బంగారు తొడుగు వేసినట్టు, నట్టు పైసగం ఖాళీలో ఈ ముక్క బిగించి రంగు పూశారు. పక్కదీ అంతే. ఆ పక్కదీ అంతే.

యేసుప్రసాద్ వచ్చి ఆమె చేతిలోని ముక్కను చూసి నవ్వాడు.

"ఫ్యాన్ పీఠం కింద మట్టం సరిచేసే రేకులు ఎక్కువైనాయి పాపా. ఎత్తు పెరిగి బోల్టు చాలకపాయ. కాంక్రీటు పగలగొడితే శానా దినాలు పడతాది. సగం పట్టుకోనుండాది గదా, నిలుస్తాదిలే."

"ఊడ్చే ఆడోళ్లు ఈ నీడలోనే గదా చిన్నాయనా సద్ది తినేది! పీఠం లేచొస్తే?"

"దేవుడు చూసుకుంటాడు. సంతకం పెట్టు. నీకు పని నేర్పినోన్ని నేను."

"నేర్పినావు గాబట్టే అసయ్యమైతాండాది. తెలీనోడు చేసింటే తిట్టి ఊరుకుందును. చూసేటోళ్ల కన్ను యాడ పడతాదో తెలిసి, సరిగ్గా ఆడే కప్పినావు."

ఆయన నవ్వు ఆగలేదు. ఆ నవ్వే ఆమెకు అన్నింటికన్నా రోతగా తోచింది. కరెంటు గదికి పోయి ఫ్యాన్ స్విచ్చికి తాళం వేసింది. మేనేజరు నాగచైతన్య మండిపడుతూ వచ్చాడు గానీ, ఒక ముక్కను తన చేత్తోనే ఊడదీసి చూసుకున్నాక పని ఆపించాడు. ఫ్యాన్‌ను దించి, కాంక్రీటు పగలగొట్టి, పొడుగు బోల్టులు వేయించారు.

కాంట్రాక్టరు యేసుప్రసాద్‌ను పనిలోంచి తీసేయలేదు. ఎర్రగుంట్ల వైపు ఇంకో ఫ్యాక్టరీకి పంపాడు. తెలిసిన వెంటనే రెజీనా అక్కడి ఇంజనీరు శివశంకర్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

అవతల నవ్వు వినబడింది. "ఆయనా మేడం? ఆయన బిగిచ్చినాడంటే మేము మళ్లీ చూసేదే లేదు. ఈడ ముందునుంచీ ఆయన బిగిచ్చినవే శానా, అంత పేరుండాది."

"ఈరోజే చూడప్పా. ప్రతి ఒక్కటీ తిప్పి చూడు," అని ఫోన్ పెట్టేసి, నోట్లో ఊరిన చేదును ఉమ్మేసింది.